స్వక్షౌరము

మనుష్యుడు ప్రతిదినమును తనకు తాను చేసికొను పనులలో మిక్కిలి నవీనమైనది ముఖక్షౌరము. స్నానము, దంతధావనము, వస్త్రధారణము మొదలగునవి అనాదిగా ఎవరికి వారు చేసికొనుచు వచ్చినవే. గడ్డము గీయుట మాత్రము అట్టిది కాదు. మన దేశమున అది నిన్న మొన్నటివరకు ఒకరు మరియొకరికి చేయు సేవగా నుండెను. మా తాతల తరమువారిలో తన గడ్డమును తాను గీసికొన్నవాడు సిద్దిపేట ప్రాంతపు పల్లెలలో అరుదు. నేడు మా విద్యార్థులలో మీసము నూనూగుగా మొలచిన ప్రతివాడును అంగడికి పోయి రేజరు కొనుక్కొని వచ్చుచున్నాడు. ఈ మార్పు ఎట్లు వచ్చినది? దీనివలన ఎవరికేమి కలిగినది? ఇది అల్పవిషయమని చదువరులు తలపవచ్చును. కాని కత్తి ఎవరి చేత నున్నది, ఎవరి కంఠముమీద నున్నది, ఆ రెండవవాడు మొదటివానిని ఏమని పిలుచుచున్నాడు అని విచారించినచో సంఘచరిత్రలో కొంత భాగము మనకు కనబడకపోదు.

సంస్కృత వాఙ్మయమున క్షుర శబ్దము ఋగ్వేదమునాటిది. అథర్వవేదము ఆరవ కాండములో క్షౌరమునకు సంబంధించిన సూక్తమొకటి కలదు. అందు సవితృదేవుడు కత్తితోను, వాయువు వేడినీటితోను వచ్చినట్లు చెప్పబడినది. వేడినీరు లేనిదే కత్తి పెట్టరాదను సంగతి మన పూర్వులు అంత ప్రాచీనకాలముననే ఎరుగుదురని దీనివలన తెలియుచున్నది. ఆశ్వలాయన గృహ్యసూత్రములలో చౌలకర్మను విధించుచు, చన్నీళ్లు వేన్నీళ్లు కలిపిన నీటితో తడిపి, గాయము చేయక, నేర్పుతో పని ముగింపుమని క్షురకుని ఆజ్ఞాపించు వాక్యమున్నది. గడ్డము మొలచిన పిదప చేయవలసిన సంస్కారమునకు గోదానమనియు, కేశాంతమనియు పేర్లు. గురువునకు గోవునిచ్చుటచే మొదటి పేరు వచ్చినది. దీనికి వేరుగా మంత్రములు కూర్చుట అనవసరమని కాబోలు సూత్రకారుడు తలచెను. చౌలమంత్రములలో కేశ శబ్దమున్నచోట శ్మశ్రు శబ్దమును చేర్చుకొమ్మని చెప్పి ఊరకుండెను. సూత్రకారుల పొదుపరితనమునకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు. ఈ కేశాంతము బ్రాహ్మణునకు 16వ యేటను, క్షత్రియునకు 22వ యేటను, వైశ్యునకు 24వ యేటను జరుగవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. గడ్డము మాత్రము వర్ణమును విచారింపక అందరికిని ఇంచుమించు ఒకే వయస్సున మొలచుచునే యున్నది.

వైద్యశాస్త్రమును, కామశాస్త్రమును సైతము ఈ విషయమును విడువలేదు. కేశములు, శ్మశ్రువులు, నఖములు సవరించుకొనుట పుష్టిని, ఆయుస్సును, శుచిత్వమును కలిగించునని చరకుడు సూత్రస్థానమున చెప్పెను. వాత్స్యాయనుడు తన నాగరకునికి దినచర్యను నిర్ణయించుచు, స్నానము నిత్యమనియు, మూడవనాడు నురుగునిచ్చు ఫేనకము పూసికొనవలెననియు, నాలుగవనాడు ముఖక్షౌరమనియు లెక్క కట్టెను. అనగా పాటలీపుత్రపు షోకిలాయయినను మూడు దినములు గడ్డముతోనే తిరిగెడివాడు! ప్రతిదినము నున్నని ముఖముతో కార్యాలయమునకు పోవలెనను నియమము మన దేశపుది కాదు.

ఇన్ని సంస్కారములకు, ఇంత శుచిత్వమునకు కత్తిపట్టినవాడే ఆధారము. అయినను ఆ కత్తిపట్టినవానికి సంఘము ఇచ్చిన స్థానమేమి? బుద్ధుని శిష్యులలో ఉపాలి క్షురకవృత్తివాడు. బుద్ధుని నిర్వాణానంతరము రాజగృహమున జరిగిన మొదటి సంగీతిలో వినయపిటకమును చెప్పినవాడు అతడే. మగధ నేలిన నందుడు క్షురకపుత్రుడని జైనులును, గ్రీకు చరిత్రములనుబట్టి వ్రాసిన రోమకుడు కర్టియసును చెప్పుచున్నారు. ఇవి అపవాదములు. సామాన్యముగా మన సంఘము పెండ్లినాడు వాని సన్నాయిని మంగళవాద్యమనెను. మరునాడు వాడు ఎదురైన శకునము బాగుగా లేదనెను. పనిలేనివాడు పిల్లి తల గొరిగినాడను సామెతను చదువరులు ఎరుగుదురు. దానిని కులనామముతో పూర్తిగా వ్రాయుట మాకిష్టము లేదు. ఆ నామమును, దానినుండి పుట్టిన నీచపదములను అవమానించుటకు వాడరాదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022లో ఉత్తరువిచ్చినది. నాయీబ్రాహ్మణులని వారు తమ్ము తాము పిలుచుకొనుచున్నారు. మేమును అట్లే పిలుతుము.

మా ప్రాంతపు సంగతి వేరుగా చెప్పవలసియున్నది. సిద్దిపేట 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాకేంద్రమైనది. అంతకుముందు మెదకు జిల్లాలోనిది. 1948 సెప్టెంబరువరకు నిజాము రాజ్యములోనిది. అందుచేత ఇచ్చటి పాతతరమువారి నోట క్షౌరమునకు హజామతనియు, మడతకత్తికి ఉస్తరాయనియు ఉర్దూమాటలు వినబడెడివి. ఆ కత్తి, దానిని నూరు సానరాయి, పదును సరిచేయు తోలుపట్ట, కత్తెర, నీటిగిన్నె, చిన్న అద్దము, గోరుగల్లు — ఇవన్నియు ఒక పొదిలో నిమిడియుండెడివి. క్షురకుడు పొది చంకబెట్టుకొని ఇంటింటికి పోవును. చెట్టునీడనో, వాకిట అరుగుమీదనో పని జరుగును. కూలి నాణెములలో లేదు. పంట నూర్చిన పిదప కళ్లమువద్ద ఇంటికింతయని ధాన్యము కొలిచెడివారు. అతని భార్య పలుచోట్ల పురుళ్లు పోసెడిది. పుట్టువెంట్రుకలు మొదలు పదునొకండవనాటి క్షౌరమువరకు ఊరివారి ఆయుర్దాయమంతయు ఆ కుటుంబము చేతులమీదుగా గడచెడిదన్నమాట.

రైతు ఇంట కొలిచిన ధాన్యమైనను దొర గడిలో ఉండెడిది కాదు. గడిలో జరిగినది వెట్టి. దొరకు, దొర బంధువులకు, ఊరికి వచ్చిన తాసీలుదారునకు, పోలీసు అమీనునకు ఎప్పుడు కబురు వచ్చిన అప్పుడు పోయి గడ్డము గీయవలెను. తలంటవలెను. రాత్రి కాళ్లు పిసుకవలెను. తన పొలము దున్నుకొను పొద్దయినను, తన బిడ్డ పెండ్లియైనను మానరాదు. 1921లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్రజనసంఘమువారు వెట్టిచాకిరిని గూర్చి లఘుపుస్తకము ప్రకటించి, ఏ కులమువారు ఏ పనిని ఊరక చేయవలసివచ్చుచున్నదో లోకమునకు తెలిపిరి. 1930లో మా మెదకు జిల్లా జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రథమాంధ్రమహాసభ జరిగెను. ఆ మహాసభయే తరువాతి సంవత్సరములలో వెట్టిని రూపుమాపవలెనను ఉద్యమమునకు వేదికయైనది. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటములో గడికి పనికి పోమన్నవారిలో పొదిని క్రిందపెట్టినవారును ఉండిరి. గడ్డము గీయను అనుట చిన్నమాటవలె కనబడును. దొర ముఖముమీద గడ్డము పెరిగి ఊరందరికి కనబడుటకంటె పెద్ద ధిక్కారమేమున్నది?

కత్తిని క్రిందపెట్టుట అను ఆయుధమునకు ఇంకొక ఘట్టము కలదు. దానిని చెప్పక ముందుకు పోజాలము. భర్తపోయిన స్త్రీల శిరోముండనము అగ్రవర్ణముల ఇండ్లలో ఎంత క్రూరముగా సాగెనో కందుకూరి వీరేశలింగముగారి కాలపు పత్రికలు చూచినవారికి చెప్పనక్కరలేదు. సంస్కర్తలు ఉపన్యసించిరి. పండితులు శ్లోకములు వెదకిరి. 1890లో బొంబాయి క్షురకులు సభచేసి, ఇకమీద మేము విధవల తలలు గొరుగమని తీర్మానించిరి. వారికి తోడుపడినవాడు జ్యోతిరావు ఫూలే అనుచరుడు, కార్మికనాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే. తమకు రావలసిన కూలిని పోగొట్టుకొని వారు చేసిన ఆ తీర్మానము మన సంస్కరణచరిత్రలలో ఒక పంక్తికి మించి కనబడదు. శాస్త్రము వ్రాసినవాడు గాని, దానిని ఖండించినవాడు గాని ఆ పనిని తన చేతితో చేయలేదు గదా! చేసినవాడే మానెను.

ఆ కత్తియే మరికొందరికి దొరకక పోయెను. గ్రామమున అందరి గడ్డములు గీయు క్షురకుడు దళితుని ఇంటికి పోరాదు. పోయినచో తక్కిన ఊరు అతనిని వెలివేయును. అందుచే వెలికి భయపడినవాడే వెలివేయువాడయ్యెను. అంబేద్కరుగారు తమ బాల్యస్మృతులలో, సాతారాలో క్షురకులనేకులుండినను, కూలి ఇచ్చుకొను శక్తి తమకుండినను, తమ క్షౌరమంతయు పెద్దక్కయే చేసెడిదనియు, తమ తలలమీదనే ఆమె ఆ విద్యను అభ్యసించినదనియు వ్రాసిరి. మేము ఎరిగినంతలో స్వగృహక్షౌరమును గూర్చి ఇంతకంటె హృదయవిదారకమైన వాక్యము భారతీయ వాఙ్మయమున లేదు. గాంధిగారికి ప్రిటోరియాలో తెల్లజాతి క్షురకుడు జుట్టు కత్తిరించుటకు నిరాకరింపగా, ఆయన కత్తెరయంత్రము కొనుక్కొని అద్దముముందు నిలిచి తన జుట్టును తానే కత్తిరించుకొనెను. ముందుభాగము ఏదో విధముగా కుదిరెను గాని వెనుకభాగము చెడెను. కోర్టులో మిత్రులు నవ్విరి. ఆత్మకథలో ఆయన ఆ క్షురకుని నిందింపలేదు. నల్లవారికి సేవచేసినచో అతని బేరములు పోవును గదా యనియు, మన క్షురకులను మనము అస్పృశ్యులకు సేవచేయనిచ్చుచున్నామా యనియు తనను తాను ప్రశ్నించుకొనెను.

రాజ్యాంగపు 15వ అధికరణములో దుకాణములలోనికి ఎవ్వరిని కులమునుబట్టి అడ్డగింపరాదని ఉన్నది. దుకాణమనగా నేమని 1948 నవంబరు 29వ తేదీన రాజ్యాంగసభలో ప్రశ్న వచ్చినప్పుడు, వచ్చినవారికి సేవచేయ సిద్ధపడి కూర్చుండు ప్రతి చోటును దుకాణమే యని అంబేద్కరుగారు సమాధానమిచ్చిరి. ఆ అర్థమున క్షురకశాలయు దానిలో చేరును. అక్కగారి కత్తెర ఆ నిర్వచనము వెనుక ఉన్నదని మా అనుమానము. అటుపిమ్మట 1955లో అస్పృశ్యతను నేరముగా శిక్షించు చట్టము వచ్చినది. పట్టణపు అంగళ్లలో కుర్చీ అందరికి ఒకటే యైనది. పల్లెలలో అంత త్వరగా కాలేదు.

ఇక తన గడ్డమును తాను గీసికొను విద్య ఎచ్చట పుట్టినదో చూతము. పారిసు నగరమున ఝాన్ ఝాక్ పెర్రే అను కత్తులపనివాడు 1769లో ఒక గ్రంథము ప్రకటించెను. తన క్షౌరమును తాను చేసికొన నేర్చుకొను విద్య యనుటయే దాని పేరునకు అర్థము. వడ్రంగి చిత్రికపట్టునుండి ఊహను గ్రహించి, అంచుమాత్రమే బయట కనబడునట్లు కత్తికి కర్రతొడుగు అమర్చిన వాడతడే. 1847లో విలియం హెన్సన్ అను ఆంగ్లేయుడు పిడికి అడ్డముగా, పారవలె, కత్తిని బిగించు పద్ధతిని రక్షింపజేసికొనెను. 1880లో అమెరికాలో కాంఫె సోదరులు తమ రేజరుకు భద్రమను విశేషణమును చేర్చిరి. వీరందరి కత్తులును మందమైనవి. మాటిమాటికి నూరవలసినవి. నూరుట వచ్చినవానికే గీయుట వచ్చును గాన సామాన్యుడు క్షురకుని వాకిటనే నిలిచియుండెను.

ఆ చిక్కును విప్పినవాడు కింగ్ కాంప్ గిలెట్. ఈతడు 1855లో జన్మించెను. సీసామూతులు చేయు సంస్థలో తిరుగుడు బేరగాడు. ఒకసారి వాడి పారవేయు వస్తువును కనిపెట్టినచో జనులు మరల మరల కొందురని, ఆ సీసామూతిని కనిపెట్టిన యజమానియే అతనికి బోధించెనట. 1895లో ఒక ఉదయము మొద్దుబారిన కత్తిని చూచుచుండగా అతనికి పలుచని ఉక్కురేకు తోచెను. అంత పలుచని రేకునకు పదును నిలువదని లోహశాస్త్రజ్ఞులు చెప్పిరి. విలియం నికర్సన్ అను యంత్రజ్ఞుడు దానిని సాధించెను. 1901లో సంస్థ ఏర్పడెను. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజరులు, 168 బ్లేడులు మాత్రమే! మరుసటి సంవత్సరము తొంబదివేల రేజరులు పోయినవి. 1904 నవంబరు 15వ తేదీన రక్షణపత్రము వచ్చినది. ఇక్కడ ఒక చిత్రము. ఈ గిలెట్టే 1894లో పోటీవ్యాపారము సర్వానర్థములకు మూలమనియు, లోకమంతయు ఒకే సహకారసంస్థగా మారవలెననియు ఒక గ్రంథము వ్రాసినవాడు. లోకము అతని గ్రంథమును మరచి బ్లేడును పుచ్చుకొనెను.

మొదటి మహాయుద్ధములో విషవాయువునకు తొడుగుకొను ముసుగు గడ్డముమీద బిగియదు. అందుచే అమెరికా ప్రభుత్వము తన సైనికులకు 35 లక్షల రేజరులను కొనియిచ్చెను. యుద్ధము ముగిసి ఇండ్లకు పోయినవారు ఆ అభ్యాసమును తమతో తీసికొనిపోయిరి. 1921లో గిలెట్ రక్షణపత్రపు గడువు తీరగా ఎవరుబడిన వారు అట్టి రేజరులు చేయసాగిరి. మన దేశమున మొదట ఇంగ్లీషు చదువుకొన్నవారు, కచేరీ ఉద్యోగులు, సైన్యమునుండి వచ్చినవారు దీనిని పట్టిరి. ఇంగ్లండునకు పోయినవాడు మరేమి నేర్చినను నేర్వకున్నను గడ్డము గీసికొనుట నేర్చును అని గాంధిగారే వ్రాసిరి. స్వాతంత్ర్యానంతరము టోపాజ్ మొదలగు దేశీయపు బ్లేడులు పల్లె కిరాణాదుకాణములకు చేరెను. సిద్దిపేటకు రైలు 2023 అక్టోబరు వరకు రాలేదు గాని, బ్లేడు దానికంటె రెండు తరముల ముందే బస్సులో వచ్చినది. దాని ధర ఎవరికిని భారము కాలేదు. మొద్దుబారిన బ్లేడును గాజుగ్లాసు లోపలి అంచున రుద్ది మరి రెండునాళ్లు లాగిన పెద్దలను మేమెరుగుదుము. విరిగిన సగముతో పెన్సిలు చెక్కని విద్యార్థి మా పాఠశాలలలో లేకుండెను.

అయినను ఈ విద్యను నేర్పువారు ఎవరు? మా దేశమున తండ్రి కుమారునికి ఈతను, సైకిలును, ఎడ్లబండిని నేర్పును. గడ్డము గీయుట నేర్పడు. తానే దొంగచాటుగా నేర్చుకొనెను గనుక కొడుకును అట్లే నేర్చుకొనునని తలచును. కొడుకు తండ్రి రేజరును చాటుగా తీసి, పొడిముఖముమీద ఒత్తి లాగి, గాట్లతో బడికి వచ్చును. ఉపాధ్యాయులము గనుక ఈ గాట్లను ఏటేట చూచుచున్నాము. త్రికోణమితిలో కోణములను నేర్పుచున్న మేము ఈ కోణమును కూడ చెప్పుట తప్పుకాదు.

భద్రరేజరు మూడు ముక్కలు. పిడి, అడుగుపలక, మూత. బ్లేడు సుమారు మిల్లీమీటరులో పదవవంతు మందముగల ఉక్కురేకు. దానిని పలకకు మూతకు నడుమ నుంచి పిడిని బిగించినచో రేకు వంగి గట్టిపడును. పలుచని రేకునకు బలము ఆ వంపువలననే వచ్చుచున్నది. గిలెట్ నేర్పంతయు ఇందున్నది. బిగించునప్పుడు బ్లేడును పొట్టి చివరలవద్ద పట్టవలెను గాని పదునుపక్కల పట్టరాదు. ముఖమును గోరువెచ్చని నీటితో రెండుమూడు నిమిషములు నాననిచ్చి — అథర్వవేదపు వాయుదేవుడు తెచ్చినది ఇదియే — కుంచెతో నురుగును గుండ్రముగా రుద్దవలెను. వెంట్రుక నీరు పీల్చి మెత్తబడును. తరువాత అరచేతితో చెంపను తడిమి చూచినచో వెంట్రుకలు ఏ దిక్కునకు వాలియున్నవో తెలియును. చెంపమీద అవి క్రిందికి వాలును. మెడమీద మాత్రము ఒక్కొక్కరికి ఒక్కొక్క విధము. మొదటిసారి ఆ వాలువెంబడియే గీయవలెను. పిడిని ముఖమునకు అడ్డముగా ఎత్తి, మూత చర్మమును తాకియుండగా మెల్లగా క్రిందికి దించుచు పోయిన, ఒకచోట పదును వెంట్రుకను తాకును. బ్లేడునకు చర్మమునకు నడుమ అప్పుడుండునది సుమారు 30 డిగ్రీల కోణము. ఆ కోణము మారరాదు. ఒత్తరాదు. రేజరు బరువే చాలును. రెండవ చేతితో చర్మమును సాగదీసి, అంగుళము రెండంగుళములకంటె పొడుగుగా లాగక, మాటిమాటికి కడుగుచు గీయవలెను. మొటిమలున్నచోట చుట్టుతిరిగి పోవలెను. ఇంకను గరుకుగా నున్నచో మరల నురుగు పెట్టి అడ్డముగా నొకసారి. ఎదురువాలున గీయుట కొత్తవానికి కూడదు. చివర చన్నీళ్లు, తడి పటిక.

నాలుగైదుసార్లు అయినపిదప బ్లేడును కాగితమున చుట్టి చెత్తలో వేరుగా వేయవలెను. పారిశుద్ధ్యకార్మికుల చేతులు కోయబడుట మనకు కనబడదు గాని కోయబడుచున్నవి. ఒకరి బ్లేడు మరియొకరు వాడరాదు. అన్నదమ్ములైనను సరే. కామెర్లు కలిగించు హెపటైటిస్ బి, సి క్రిములు రక్తపు లేశముతో వ్యాపించును.

ఈ రక్తభయమే క్షురకశాల రూపును మార్చినది. 1980లకు పిమ్మట ఎయిడ్సు ప్రచారము వచ్చి, పాత ఉస్తరాను అందరి మెడలమీద ఆడించుట ప్రమాదమని తెలిసెను. కత్తి మానిరి. ఉస్తరావంటి మడతపిడిలో గిలెట్ రేకును నిలువున విరిచి సగము దూర్చుట వాడుకలోనికి వచ్చెను. కొత్తసగమును కండ్లయెదుట విరిచి చూపుట అంగడి మర్యాదయైనది. ఇంటివద్ద గీసికొనువారు పెరిగి బేరములు తగ్గినవని, ఎక్కువ పెట్టుబడితో వచ్చిన పెద్ద దుకాణములు తక్కినవానిని లాగుకొన్నవని మా పట్టణపు నాయీబ్రాహ్మణులు చెప్పుదురు. అందులో నిజమున్నది. వెట్టిని పోగొట్టిన కాలమే కూలిని కూడ కొంత పోగొట్టినది. తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిలునుండి క్షురకశాలలకు నెలకు 250 యూనిట్లవరకు ఉచితవిద్యుత్తు ఇచ్చుట ఇందుకే.

వ్యాపారులు మాత్రము ఊరకుండలేదు. గిలెట్ సంస్థవారు మన దేశముకొరకు చేసిన ఒక రేజరును అమెరికాలో చదువుచున్న భారతీయ విద్యార్థులచేత పరీక్షింపజేసిరట. వారు బాగున్నదనిరి. ఇచ్చట అది వెంట్రుకలతో పూడుకొనిపోయెను. కొళాయినీరు ధారగా పోయు అమెరికా స్నానపుగది వేరు, చెంబెడు నీటితో అద్దము నానించుకొని గీసికొను మన వాకిలి వేరు గదా! 2010లో వారు ఒకే బ్లేడుతో, 15 రూపాయలకు, సులభముగా కడుగబడు రేజరును తెచ్చిరి. అది అమ్ముడుపోయెను.

ఇప్పటికిని ఆదివారము ఉదయము సిద్దిపేట అంగళ్లలో కుర్చీలు నిండియుండును. మంగళవారము మూతవేయుదురు. ఇంట రేజరు ఉన్నవారును వచ్చి కూర్చుందురు. ఊరిమాటలు, వానలు, ఎన్నికలు, కొమురవెల్లి జాతర ఎప్పుడని ప్రశ్నలు. అద్దముముందు వరుసగా నున్నవారిలో ఏ కులమువాడు ఎవడో మాకు తెలియదు. అడుగువారును లేరు. అంగడివాడు బ్లేడు పొట్లము విప్పి, కాగితముతోనే నిలువున విరిచి, ఒక సగమును పిడిలో బిగించును. రెండవ సగము తరువాతివానిది.